లిస్టులో చివరి కేసు

(స్మారకోపన్యాస పాఠం)



మాకు సర్జరీ నేర్పిన మాస్టారి పేరున జరిగే ఈ స్మారకోపన్యాసమంటే రోబో సర్జరీ గురించో, కిడ్నీ మార్పిడి గురించో ఉంటుందని అనుకుని వచ్చినవారు ఉంటారు. నేను సుంతీ ఆపరేషన్ గురించి మాట్లాడతానన్నప్పుడు నిర్వాహకులు ఫోన్లో కాసేపు పలకలేదు. వారిని తప్పుపట్టను. ఏ ఆస్పత్రిలోనైనా థియేటర్ లిస్టు తీసి చూడండి, సర్కమ్‌సిషన్ అట్టడుగున ఉంటుంది. పెద్ద కేసులు అయిపోయి, పెద్ద సర్జన్ టీకి వెళ్లాక, ఆ పూట ఉన్నవాళ్లలో అందరికన్నా జూనియర్‌కు దాన్ని వదిలేస్తారు. మాస్టారు మాత్రం ఆ కేసుకు తానే ఎదురుగా నిలబడేవారు. కిడ్నీ ఎలా తీశామో రోగికి జన్మలో కనబడదు, ఇది మాత్రం రోజూ కనబడుతుంది కదా అని ఆయన వాదన.

ఈ ఆపరేషన్‌లో గత తొంభై ఏళ్లుగా వచ్చిన కొత్త పద్ధతులన్నిటి వెనకా ఉన్న కోరిక ఒక్కటే: చేసేవాడి చేతినేర్పుతో పని లేకుండా చేయాలి. చుక్క నెత్తురు రాకూడదు, కుట్టు వేయాల్సిన పని ఉండకూడదు, ఎవరు చేసినా ఒకేలా రావాలి. ఆ కోరిక ఎంతవరకు తీరిందన్నదే ఈ సాయంత్రం నా విషయం. సగమే తీరిందని నా అభిప్రాయం. మిగతా సగం ఏ పరికరానికీ లొంగేది కాదు.

పాత చరిత్రను త్వరగా దాటేస్తాను. ఈజిప్టులో సక్కారా దగ్గర అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద సుంతీ దృశ్యంగా చాలామంది గుర్తించే శిల్పం ఉంది. దాదాపు 4300 ఏళ్ల నాటిది. పదో శతాబ్దం చివర కార్డోబాలో అల్ జహ్రావీ తన శస్త్రచికిత్సా గ్రంథంలో మంగలికత్తి కన్నా కత్తెర మేలని రాసి, ఆ కత్తెర ఎలా ఉండాలో కూడా చెప్పాడు. యూదుల తాల్ముద్‌లో ఇంకా విలువైన మాట ఉంది. ఒక తల్లికి పుట్టిన ఇద్దరు కొడుకులు సుంతీ తర్వాత చనిపోతే మూడోవాడికి చేయకూడదని. హీమోఫిలియా అన్న పేరు పుట్టడానికి వందల ఏళ్ల ముందే ఆ జబ్బు తల్లి వైపు నుంచి వస్తుందని వాళ్లు కనిపెట్టారు. ఇవాళ్టికీ ఆపరేషన్‌కు ముందు నేను అడిగే మొదటి ప్రశ్న అదే: అమ్మా, బాబు మేనమామలెవరికైనా దెబ్బ తగిలితే నెత్తురు ఆగని జబ్బు ఉందా?

మన సుశ్రుతుడు కోయమనలేదు. ముందుచర్మం బిగుసుకుని మూత్రం సరిగా రాని జబ్బుకు నిరుద్ధప్రకశమని పేరు పెట్టి, రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టానికి నెయ్యి రాసి లోపల పెట్టమన్నాడు. మూడేసి రోజులకోసారి కాస్త లావు గొట్టానికి మారమన్నాడు. అంటే మెల్లగా సాగదీయడం. ఈ కాలపు పిల్లల డాక్టర్లు ఎటు తిరిగి వచ్చారో చూస్తే సుశ్రుతుడు పెద్దగా ఆశ్చర్యపోడు.

అసలు ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నను లెక్కలతో అడిగినవాడు డగ్లస్ గెయిర్డ్‌నర్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు. 1949లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆయన వ్యాసం మా తరం పీజీలందరం చదివాం. అప్పుడే పుట్టిన మగపిల్లల్లో ముందుచర్మం పూర్తిగా వెనక్కి వచ్చేది 4 శాతం మందికే. ఏడాది నిండేసరికి సగం మందికి, మూడేళ్లకు 90 శాతం మందికి దానంతటదే విడిపోతుందని ఆయన చూపించాడు. మూడేళ్ల లెక్క మరీ ఆశాజనకమని తర్వాత తేలింది. డెన్మార్క్‌లో జాకబ్ ఓస్టర్ బడిపిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షించి 1968లో రాసినదాని ప్రకారం ఆరేడేళ్ల వయసులో 8 శాతం మందికి చర్మం బిగువుగానే ఉంటుంది, 16, 17 ఏళ్లకు అది 1 శాతానికి దిగుతుంది. ఎలా చూసినా కాలమే సర్జన్ కన్నా ఎక్కువ కేసులు నయం చేస్తోంది. గెయిర్డ్‌నర్ ఇంకో మాట కూడా చెప్పాడు. ఇంగ్లండు, వేల్స్‌లలో ఏటా సుమారు 16 మంది చిన్నపిల్లలు ఈ చిన్న ఆపరేషన్ వల్ల చనిపోతున్నారని. అక్కడి ప్రభుత్వ వైద్యం దీన్ని మామూలుగా చేయడం మానేయడానికి ఆ వ్యాసం బలమైన కారణమైంది.

మన ఓ.పి.లో ఇది రోజూ ఎదురయ్యే సంగతి. రెండేళ్ల బాబును ఎత్తుకుని వస్తారు. చర్మం వెనక్కి రావట్లేదు, ఒంటికి పోసేటప్పుడు అక్కడ బుడగలా ఉబ్బుతోంది అంటారు. నొప్పి, జ్వరం, చీము లేకపోతే అందులో జబ్బేమీ లేదు. కొన్ని ఇళ్లలో నీళ్లు పోసేటప్పుడు నూనె రాసి చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగే అలవాటుంది. ఆ పని దయచేసి మాన్పించండి. లాగినప్పుడల్లా సన్నగా చిట్లుతుంది, చిట్లిన చోట మచ్చ కడుతుంది, లేని ఫైమోసిస్‌ను, అంటే చర్మం బిగుసుకునే జబ్బును, మనమే తెచ్చిపెట్టినవాళ్లమవుతాం. కాస్త పెద్ద పిల్లల్లో ఇబ్బంది ఉంటే బీటామెథసోన్ 0.05 శాతం ఆయింట్‌మెంట్‌ను రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాయిస్తే చాలామందిలో ఆపరేషన్ మాట ఉండదు. తెల్లగా, గట్టిగా, ఉంగరంలా బిగుసుకుపోయిన చర్మం కనబడితే అది వేరే సంగతి. లైకెన్ స్క్లెరోసస్ అనే ఆ జబ్బుకు క్రీములతో కాలయాపన చేయకూడదు, కోయాల్సిందే. మూత్రంలో ఇన్ఫెక్షన్ రాకుండా ఆరోగ్యవంతులైన పిల్లలందరికీ చేద్దామా అంటే, ఒక్క ఇన్ఫెక్షన్ ఆపడానికి 111 మంది పిల్లలకు ఆపరేషన్ చేయాలని 2005 నాటి లెక్క. పుట్టుకతోనే మూత్రనాళంలో కవాటాలు అడ్డుపడిన బిడ్డకు మాత్రం తక్కెడ ఆపరేషన్ వైపు మొగ్గుతుంది.

మతాచారంగా కోరి వచ్చే కుటుంబానికి ఈ లెక్కలతో పని లేదు. అక్కడ సర్జన్ అడగాల్సింది ఎందుకని కాదు. ఎప్పుడు, ఎవరు, ఎక్కడ, ఎలా అన్నవే మన ప్రశ్నలు. వాటికి ముందు చూడాల్సింది మూత్రద్వారం సరైన చోట ఉందా లేదా అని. దాదాపు 300 మంది మగపిల్లల్లో ఒకరికి అది కిందివైపు తెరుచుకుంటుంది. అలాంటి పిల్లల్లో చర్మం పైన మాత్రమే ముసుగులా ఉండటం వల్ల, పుట్టుకతోనే సుంతీ అయి వచ్చాడని ఇంట్లో సంతోషపడటం కూడా విన్నాను. ఆ మిగిలిన చర్మమే రేపు మూత్రనాళాన్ని సరిచేసే సర్జన్‌కు పెట్టుబడి. తొందరపడి దాన్ని కోసేసిన తర్వాత బిడ్డ మా దగ్గరికి వస్తే మేం బుగ్గ లోపలి పొర తీసి నాళం కట్టాల్సి వస్తుంది.

ఇక ఆపరేషన్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానిస్తాను.

మొదట మత్తు. పిల్లలకు పూర్తి మత్తుతో పాటు నడుము కింద కాడల్ బ్లాక్, పెద్దలకు అంగం మొదట్లో లిగ్నోకెయిన్ ఇంజెక్షన్. నొప్పి మోసే నరాలు పైవైపు, గడియారంలో 11, 1 అంకెలు ఉండే చోట నడుస్తాయి. అక్కడ రెండు పోట్లు పొడిచి, చుట్టూ చర్మం కింద ఉంగరంలా మందు ఎక్కిస్తే చాలు. కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, అడ్రినలిన్ కలిపిన సీసా జోలికి పోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మందు పనిచేసేదాకా ఆగడం. సగం కేకలకు కారణం మన తొందరే. అప్పుడే పుట్టిన బిడ్డకు నొప్పి తెలియదని చాలా దేశాల్లో దశాబ్దాల పాటు మత్తు లేకుండానే చేశారు. 1997లో టొరంటోలో అన్నా టాడియో బృందం లాన్సెట్‌లో రాసిన వ్యాసం ఆ నమ్మకాన్ని కదిలించింది. సుంతీ అయిన పిల్లలు నాలుగు లేదా ఆరు నెలల వయసులో టీకా సూదికి మిగతావాళ్లకన్నా గట్టిగా ఏడ్చారు. ఆ నొప్పి గుర్తును శరీరం దాచుకుందన్నమాట.

చేత్తో చేసే పద్ధతులు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్‌లో మూడు ఉన్నాయి. చర్మాన్ని ముందుకు లాగి, అంగం శిరసు ముందు ఫోర్సెప్స్ బిగించి, దాని వెంబడి కోయడం ఒకటి. నేర్చుకోవడం సులువు, శిరసు కంటికి కనబడకపోవడం ఇందులోని ప్రమాదం. చిన్నపిల్లల్లో శిరసు కొస కత్తి కింద పడిన ఘటనలు జరిగాకే 15 ఏళ్లలోపు వారికి ఈ పద్ధతి వద్దన్నారు. పైవైపు నిలువునా చీల్చి, శిరసును కళ్లారా చూస్తూ చుట్టూ కోయడం రెండోది. మూడోది స్లీవ్ పద్ధతి. బయట ఒక గీత, చర్మం వెనక్కి తీసి లోపల ఒక గీత, రెంటి మధ్య పట్టీని ఒలిచి తీయడం. దర్జీ చొక్కా చెయ్యి పొట్టి చేసినట్టు కొలిచి, గుర్తు పెట్టి, ఆ తర్వాతే కత్తెర పెట్టే పని ఇది. పెద్దవాళ్లకు నేను చేసేది ఇదే. సమయం ఎక్కువ పడుతుంది, అంచు మాత్రం ముచ్చటగా వస్తుంది.

ఏ పద్ధతైనా అసలు నైపుణ్యం కొలతలో ఉంది. లోపలి పొరను శిరసు అంచు నుంచి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వరకు వదలాలి. బయటి చర్మాన్ని లాగి కోస్తే అంగం సగం మేర చర్మం లేకుండా పోతుంది. పెద్దవాళ్లలో అంగం గట్టిపడినప్పుడు ఎంత చర్మం కావాలో ఊహించి గీత గీయాలి. మిగిలితే మళ్లీ కోయవచ్చు, తగ్గితే అతికించలేం. బొద్దు పిల్లల్లో అంగం కొవ్వులో దాగి ఉంటుంది. అక్కడ మామూలు కొలతతో కోస్తే మచ్చ ఉంగరంలా బిగిసి అంగం లోపలే చిక్కుకుపోతుంది.

తర్వాత నెత్తురు. రక్తం ఎక్కువగా వచ్చేది కిందివైపు, ఫ్రెన్యులం దగ్గరి చిన్న ధమని నుంచి. థియేటర్లో ఆగినట్టుండి, రాత్రి పదకొండింటికి డ్రెస్సింగ్ తడిపేది ఆ ధమనే. అక్కడ ఒక మ్యాట్రెస్ కుట్టు వేసి కట్టేయాలి. లోతుగా వేయకూడదు, ఆ చర్మం కిందే మూత్రనాళం ఉంది. సూది దాన్ని పట్టుకుంటే కొన్ని వారాలకు అక్కడ రంధ్రం పడి మూత్రం రెండు దారుల్లో వస్తుంది. ఆ తర్వాత అంగం కింద నిలువుగా ఉండే సహజ రేఖను ఫ్రెన్యులంతో సరిచూసి, గడియారంలో 12, 3, 9 అంకెల దగ్గర కుట్లు వేసి, మధ్యలో కరిగిపోయే సన్న దారంతో నింపుకుంటూ పోవాలి. కొందరు చిన్నపిల్లల్లో కుట్టు బదులు సయనోయాక్రిలేట్ జిగురు వాడుతున్నారు. నెత్తురు పూర్తిగా ఆగాక వాడితే బాగానే అతుకుతుంది.

కాటరీ గురించి పీజీలు రాసుకోండి. మోనోపోలార్ కాటరీలో కరెంటు మొన నుంచి తొడ కింద పెట్టిన ప్లేటుకు పోవాలి. అంగం మీద వాడితే ఆ కరెంటంతా సన్నని మొదలు గుండా దూరాలి. అక్కడి రక్తనాళాలు ఉడికిపోతే మొత్తం అంగం నల్లబడుతుంది. 1966లో కెనడాలోని విన్నిపెగ్‌లో కవల పిల్లలిద్దరికీ ఫైమోసిస్ అని ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. మొదటి బిడ్డకు కాటరీ సూదితో అంగం కాలిపోయింది.  భయంతో రెండో బిడ్డకు ఆపరేషన్ ఆపేశారు. అతని ఫైమోసిస్ దానంతటదే తగ్గిపోయింది. బైపోలార్‌లో కరెంటు రెండు కొసల మధ్యే తిరుగుతుంది. అది లేని థియేటర్లో దారంతో ముడి వేయండి.

ఇప్పుడు పరికరాలు. 1935లో అమెరికాలో హైరమ్ యెల్లెన్ అనే వైద్యుడు, ఆరన్ గోల్డ్‌స్టీన్ కలిసి తెచ్చిన గోమ్‌కో క్లాంప్‌తో ఆధునిక కథ మొదలవుతుంది. శిరసు మీద లోహపు గంట పెట్టి, దాని మీదికి చర్మం లాగి, పై నుంచి ప్లేటుతో నొక్కి ఐదు నిమిషాలు ఉంచితే రక్తనాళాలు నలిగి మూసుకుపోతాయి, ఆపైన కోయడం. 1954లో న్యూయార్క్‌కు చెందిన యూదు మతగురువు హ్యారీ బ్రాన్‌స్టీన్ తెచ్చిన మోగెన్ క్లాంప్ ఇంకా వేగం. ఆ కాలంలోనే ప్లాస్టిబెల్ వచ్చింది. ప్లాస్టిక్ రింగు లోపల పెట్టి, దాని గాడిలో దారం బిగించి, పై చర్మం కోసేస్తే వారం పది రోజుల్లో రింగు ఊడి పడుతుంది. పసిపిల్లలకు ఇదే మా ఎంపిక.

నెత్తురు రాని ఆపరేషన్ అన్న మాట నిజమే. కానీ ప్రమాదం పోలేదు, చోటు మారింది. గోమ్‌కోలో ఒక కంపెనీ గంటకు ఇంకో కంపెనీ ప్లేటు కలిపితే చర్మం సరిగా నలగదు. మోగెన్‌లో రెండు దవడల మధ్య సందు ఎక్కువైతే శిరసు కూడా అందులోకి వస్తుంది. ఈ రెంటి మీదా అమెరికా ఎఫ్‌డీఏ 2000 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది. ప్లాస్టిబెల్ రింగు సైజు తప్పితే పైకి జారి అంగాన్ని పిసుకుతుంది, లేదా మూత్రం బిగిస్తుంది. రింగు తెచ్చే ఈ ఇబ్బందులు థియేటర్లో కనబడవు, ఇంటికెళ్లాక కనబడతాయి.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లల నుంచి నాకు ఫోన్లు వచ్చేది ఈ క్లాంపుల గురించే. కాన్పైన మర్నాడు ఆస్పత్రివాళ్లు ఫారం తెచ్చి చేయమంటారా అని అడుగుతారు, ఇక్కడ తాతగారు కంగారుపడతారు. 2012లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ చెప్పింది ఇంతే: లాభం నష్టం కన్నా ఎక్కువ, అయినా అందరికీ చేయమని చెప్పేంత ఎక్కువ కాదు. అంటే తల్లిదండ్రుల ఇష్టం. వద్దంటే ఆ బిడ్డకు వచ్చే లోటేమీ లేదని నేను చెబుతాను.

పరికరాలకు అసలైన పరీక్ష ఆఫ్రికాలో జరిగింది. 2005లో దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫార్మ్‌లో, 2007లో కెన్యాలోని కిసుములో, ఉగాండాలోని రకాయ్‌లో మూడు పెద్ద అధ్యయనాలు వెలువడ్డాయి. సుంతీ చేయించుకున్న మగవారికి స్త్రీల నుంచి హెచ్‌ఐవీ సోకడం వరసగా 60, 53, 51 శాతం తగ్గిందని తేలింది. మొదటి రెండు చోట్లా ఫోర్సెప్స్ పద్ధతి, రకాయ్‌లో స్లీవ్ పద్ధతి వాడారు. ఫలితం మాత్రం దాదాపు ఒకటే. 2007 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూఎన్ఎయిడ్స్ దీన్ని సిఫారసు చేశాయి. హెచ్‌ఐవీ ఎక్కువగా, సుంతీ తక్కువగా ఉన్న దేశాలకే ఆ సిఫారసు. ఒకప్పుడు హెచ్‌ఐవీ భారంలో మన ఉమ్మడి రాష్ట్రం దేశంలో ముందున్నా ఆ జాబితాలోకి మనం రాలేదు. 2019 చివరికి ఆ దేశాల్లో దాదాపు 2 కోట్ల 70 లక్షల మందికి చేశారు. అంతమంది సర్జన్లు ఎక్కడున్నారు? నర్సులకు నేర్పారు, కిట్లు ముందే కట్టి ఉంచారు, రింగులు తెచ్చారు.

ప్రీపెక్స్ అనే రింగుకు 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. ఇంజెక్షన్ లేదు, కత్తి లేదు. రబ్బరు వలయం చర్మానికి రక్తం ఆపేస్తుంది, వారానికి చచ్చిన చర్మాన్ని తీసేయాలి. కాగితం మీద ఇంతకన్నా తేలికైన పద్ధతి లేదు. కానీ వారం పాటు ఒంటి మీద చచ్చిన కండ ఉండటం ధనుర్వాతానికి ఆహ్వానమని తర్వాత తెలిసింది. మరణాలు సంభవించాయి. పూర్తి టీకాలు అయితే తప్ప వాడొద్దని సంస్థ చెప్పాల్సి వచ్చింది. చైనాలో షాంగ్ జియాన్‌జోంగ్ రూపొందించిన షాంగ్ రింగు 2015లో ఆమోదం పొందింది. ఇందులో చర్మాన్ని అప్పుడే కోసేస్తారు, ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు రింగుల మధ్య అంచు వారం రోజులు నొక్కి ఉంటుంది. కుట్లు లేవు, చచ్చిన కండ మిగలదు. పరికరాల్లో నాకు నచ్చినది ఇదే. ఏడో రోజు తీసే మనిషి ఉండాలన్నదే షరతు.

ఇక మన ఊళ్ల సంగతి. హైదరాబాద్, విజయవాడల్లో ఫోన్ తెర మీద వేలు జరిపితే చాలు, పది నిమిషాల్లో లేజర్ సుంతీ, జెడ్‌ఎస్‌ఆర్ స్టేప్లర్ సర్జరీ అన్న ప్రకటనలు. లేజర్ బోర్డు ఉన్న కొన్ని చోట్ల లోపల వాడేది స్టేప్లర్ అని నేను చూశాను. గుండ్రటి బ్లేడు ఒకే దెబ్బకు చర్మం కోస్తుంది, అదే క్షణంలో చుట్టూ పిన్నులు పడతాయి. సమయం, నెత్తురు తక్కువన్నది నిజం, ఖర్చు ఎక్కువన్నదీ నిజమే. మామూలు చర్మానికి, సరైన సైజుకు మంచి పరికరమే. లైకెన్ స్క్లెరోసస్‌తో గట్టిపడిన చర్మాన్ని మాత్రం అది సరిగా పట్టుకోలేదు. ఫ్రెన్యులం దగ్గర కాస్త ఎక్కువ వదలాలన్నా వదలదు. పిన్నులు రెండు మూడు వారాల్లో రాలాలి, కొందరిలో చర్మంలో కూరుకుపోతాయి, ఒక్కొక్కటీ ఏరాలి. ఆ ఏరే రోజు ప్యాకేజీలో ఉందో లేదో ముందే అడగమని నా దగ్గరికి సలహాకు వచ్చేవారికి చెబుతుంటాను.

మన దగ్గర పెద్దవాళ్లలో ఈ ఆపరేషన్‌కు అతి పెద్ద కారణం షుగరు. యాభై దాటిన మనిషి చర్మం పగుళ్లతో, మంటతో, సిగ్గుతో వస్తాడు. ఇంట్లో కూడా చెప్పి ఉండడు. రక్తం పరీక్ష చేస్తే షుగరు బయటపడుతుంది. తనకు షుగరుందని కొందరికి మొదట తెలిసేది అలాగే. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు చవకయ్యాక ఈ కేసులు ఇంకా పెరిగాయని నా అనుభవం. ఆ మందు చక్కెరను మూత్రంలోకి పంపుతుంది, చర్మం కింద ఫంగస్‌కు విందు దొరుకుతుంది. గుండెకూ కిడ్నీకీ మేలు చేసే మందు కాబట్టి రోగి తనంతట తాను మానకూడదు, డాక్టర్ తప్పకుండా అడగాలి. షుగరు అదుపులోకి తేకుండా కత్తి పట్టకండి. కోసిన చర్మాన్ని పాథాలజీకి పంపండి. బిగిసిన చర్మం వెనక క్యాన్సర్ దాగి ఉండవచ్చు, చర్మం తెరిచినప్పుడు శిరసును నాలుగు వైపులా చూడండి.

చివరగా శిబిరాలు. వేసవి సెలవుల్లో మసీదు కమిటీలు, స్వచ్ఛంద సంస్థలు ఒక్కపూటలో పదుల మంది పిల్లలకు ఉచితంగా చేయించడం చూస్తున్నాం. హజ్జాం అనే మంగలి చేతి నుంచి డాక్టరు చేతికి రావడం మంచి మార్పు, అడ్డు చెప్పను. కానీ స్టెరిలైజ్ చేసిన సెట్లు ఎన్ని ఉన్నాయో, అంతమంది పిల్లల్నే పిలవండి. ధనుర్వాతం టీకా కార్డు చూడండి. సాయంత్రం టెంటు విప్పి వెళ్లేముందు ప్రతి బిడ్డా మూత్రం పోశాడో లేదో కనుక్కోండి. డ్రెస్సింగ్ ఎప్పుడు తీయాలి, ఎంత నెత్తురు కనబడితే పరుగెత్తుకు రావాలి, పది రోజులైనా రింగు ఊడకపోతే ఎక్కడికి రావాలి, పెద్దవాళ్లైతే ఆరు వారాలు సంసారానికి దూరంగా ఉండాలని, ఇవన్నీ చీటీ మీద రాసి ఇవ్వండి. ఆదివారం రాత్రి కూడా ఎవరో ఒకరు ఎత్తే ఫోన్ నంబరు ఆ చీటీలో ఉండాలి. మా విభాగం తయారుచేసిన చీటీ తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంది. హాలు బయట బల్ల మీద పెట్టించాను, కావలసినన్ని తీసుకెళ్లి మీ ఆస్పత్రి పేరు వేసుకుని వాడుకోండి.